ఉగాదికి తీరని ఏడాది

మల్లేశం తనకు చేసిన ద్రోహాన్ని యోహాను పద్దెనిమిదేళ్ళయినా మరిచిపోలేదు. ఆ పేరు ఎవరైనా ఎత్తితే నోట్లో చుట్ట తీసి పక్కకు ఉమ్మేస్తాడు. దొర మీద అతనికి అంత కోపం లేదు. పోలీసుల మీదా లేదు. వాళ్ళు ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నారు. మల్లేశమే మారిపోయాడని అతని మంట.

ఇద్దరూ గూడూరు పక్క పల్లెవాళ్ళే. పదేళ్ళ వయసు నుంచి ఒకే దొర ఇంట జీతమున్నారు. యోహాను మిషన్ బడిలో రెండో తరగతి దాకా చదివి మానేశాడు. మల్లేశం ఆ మాత్రం కూడా చదవలేదు. యోహాను తండ్రి చనిపోతూ బావి కింది భూమి కొడుక్కి వదిలాడు. అప్పుడు యోహాను జీతం మానుకున్నాడు. మరుసటి ఉగాదికి మల్లేశం కూడా దొరకు దండం పెట్టి వచ్చేశాడు. ఒకడి ఎద్దు ఒకటి, ఇంకొకడి ఎద్దు ఒకటి, రెండూ కలిపి కాడి కట్టి మోట కొట్టేవారు.

ఆ పొద్దుల్ని తలచుకుంటే యోహానుకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఎద్దులు వాలులో దిగుతుంటే మల్లేశం మోకు మీద కూర్చుని పాట అందుకునేవాడు. దారిన పోయేవాళ్ళ మీద అప్పటికప్పుడు పదం కట్టేవాడు. పట్వారి పోతుంటే పట్వారి పొట్ట మీద, యోహాను భార్య మరియమ్మ అంబలి తెస్తుంటే ఆ అంబలి పలచన మీద. మరియమ్మ నవ్వు ఆపుకోలేక కుండ దించేది. నీళ్ళు మడి నిండి కాలువ పొర్లుతున్నా యోహాను మడవ తిప్పడం మరిచి వింటూ నిలబడేవాడు.

తర్వాత దొరల మీద పోరాడే సంఘం వచ్చింది. వెట్టి ఆగింది. దొర గడీకి తాళం వేసి పట్నం పోయాడు. ఆ పది నెలలు ఊళ్ళో తమను ఎవరూ అరే తురే అనలేదు. గడీ కొట్లలోని జొన్నలు ఇంటికింత పంచిన రోజున కొలిచింది మల్లేశమే. మానిక నిండా, కొసరు కూడా వేసి పోశాడు. మిలిట్రీ వచ్చి దొర గడీ మళ్ళీ తెరిచాక అదే నేరమైంది. జనగామ స్టేషన్లో రైలు దిగుతుంటే మల్లేశాన్ని పట్టుకుని గడీ దోపిడి కింద కేసు పెట్టారు.

మానుకోట కోర్టులో విచారణ జరిగింది. నేరం రుజువైందన్నారు. మొదటి తప్పు కనుక శిక్ష ఆపి, ఏడాది పాటు మంచి నడతతో ఉంటానని ముచ్చలిక కాగితం రాసివ్వమన్నారు. ప్రతి సోమవారం గూడూరు ఠాణాలో హాజరీ వేయించుకోవాలి. భూమి ఉన్నవాడొకడు పూచీపడి జమానతు ఉండాలి. మల్లేశానికి ఉన్నది ఎద్దొక్కటే; జమానతుకు యోహాను ఒప్పుకున్నాడు.

అది ఉగాది మరునాడు. మల్లేశం తల్లి చంద్రమ్మ కట్టిచ్చిన పూర్ణం బచ్చాలు యోహాను మూటలో ఉన్నాయి. ఇద్దరూ కోర్టు అరుగు మీద కూర్చుని వాటిని తింటుంటే వకీలు గుమాస్తా సదానందం కాగితం చదివి వినిపించాడు. వేలిముద్ర వేస్తే దోపిడి ఒప్పుకున్నట్టా అని యోహాను అడిగాడు.

"నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా అయ్యేది అయ్యింది. గది నిన్నటి ముచ్చట. గిది రేపటి ముచ్చట. రేపు వీడు సక్కగుంటడని నీ మాట, అంతే" అన్నాడు సదానందం.

హాజరీ తప్పితే ఏమవుతుందని మల్లేశం అడిగాడు. వీడికి వారంటు, నీకు నోటీసు అని గుమాస్తా ఇద్దరినీ వేలితో చూపించాడు. మనిషిని తెచ్చి అప్పగించకపోతే జమానతుదారు భూమి వేలానికి పోతుందన్నాడు. ఏ తారీకు నుంచి ఏ తారీకు దాకా అన్నది కూడా చదివాడు. మార్చి అంటూ ఏదో చెప్పాడు. ఏడాది అన్న మాట ఒక్కటే ఇద్దరి చెవినా పడింది. యోహాను వేలు సిరాలో ముంచాడు.

ఆ ఏడాది మల్లేశం ఒక్క సోమవారం తప్పలేదు. జ్వరం వచ్చిన వారం యోహానే బండి కట్టి తీసుకుపోయాడు. ఠాణాలో హాజరీ రాసే జవాను చాంద్‌పాషా వీళ్ళకు చాయ్ కూడా పోసేవాడు. మళ్ళీ ఉగాది వచ్చింది. ఆ ఊళ్ళో ఏడాదికి జీతమున్న ప్రతివాడూ ఆ రోజు పొద్దున చెర్నకోల దొర గుమ్మం ముందు పెట్టి ఇంటికి వచ్చేస్తాడు. మళ్ళీ ఒప్పుకుంటే తప్ప ఆ కోల ముట్టడు. యోహాను చర్చికి పోయేవాడే అయినా చిన్నప్పటి నుంచి ఏడాదిని లెక్కపెట్టింది ఆ గుమ్మం ముందే. చంద్రమ్మ పెట్టిన పచ్చడి తాగి మల్లేశం భుజం మీద చరిచాడు.

"సర్కారు జీతం తీరింది పో. ఇగ నిన్ను పిలిచెటోడు లేడు."

మల్లేశం పగలబడి నవ్వాడు. మర్నాడే పెళ్ళాం సాలమ్మను తీసుకుని భూపాలపల్లి అడివిలోని అత్తగారి ఊరికి వెదురు కొట్టే పనికి పోయాడు.

పది పన్నెండు రోజులకు చాంద్‌పాషా బావి దగ్గరికి వచ్చాడు. డ్యూటీ మీద కాదు, సైకిల్ గట్టున పడేసి వచ్చాడు.

"యోహానన్నా, నీ దోస్తు రెండు సోమవారాలు రాలే. పైకి రాసిండ్రు. వారంటు ఎల్లింది."

ఉగాదికి ఏడాది అయిపోయింది కదా అన్నాడు యోహాను. జవాను తల పట్టుకున్నాడు. ఈ ఉగాది నిరుటి కంటే పదకొండు రోజులు ముందే పడిందనీ, సర్కారు ఏడాది అప్పటికింకా తీరలేదనీ, ఆ మిగిలిన రోజుల్లోనే రెండు సోమవారాలు వచ్చాయనీ చెప్పాడు.

యోహాను మానుకోటకు పరుగెత్తాడు. అప్పటికే నోటీసు తయారుగా ఉంది. పదిహేను రోజుల గడువు. మల్లేశం తానే వచ్చి పొరపాటు చెప్పుకుంటే కోర్టు సాహెబు మాఫీ చేయవచ్చన్నాడు సదానందం. నేను చెప్తే చాలదా అంటే, నీ మీద కాదు కదా వారంటు అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, మనిషిని తేలేకపోతే జాగా చెప్పినా చాలన్నాడు. పోలీసులే పోయి తెచ్చుకుంటారు, నీ భూమి నీకు ఉంటుంది.

యోహాను మూడు రోజులు నడిచి నాలుగో నాటి మధ్యాహ్నం మల్లేశం అత్తగారి ఊరు చేరాడు. మల్లేశం వెదురు చీలుస్తున్నాడు. సంగతి విని కత్తి కింద పెట్టాడు. సాలమ్మ ఏడ్చింది. ములుగు తొవ్వలో మిలిట్రీ క్యాంపు ఉందనీ, కిందటి వారమే వారంటు ఉన్న ఇద్దరిని పట్టుకుపోతూ, పారిపోతుంటే కాల్చామని చెప్పారనీ అంది. మల్లేశం ఆమెను ఊరుకోమని రుమాలు తలకు చుట్టుకున్నాడు.

"నడువన్నా. నీ భూమి పోతె నేనేం మొకం పెట్టుకోని బతుకుత?"

ఇద్దరూ ఊరి చివర వాగు దాకా వచ్చారు. వాగులో దిగి మల్లేశం నీళ్ళు తాగుతున్నాడు. వంగిన ఆ వీపును చూస్తూ యోహాను నిలబడిపోయాడు. మోకు మీద కూర్చుని కిందికి జారే వీపు అది.

"నువ్వు రాకు. నేను గడువు అడుగుత" అన్నాడు.

మల్లేశం కాదన్నాడు. రెండోసారి చెప్తే మళ్ళీ వంగి నీళ్ళు తాగాడు. మూడోసారి చెప్పాక వెనక్కి తిరిగిపోయాడు.

గడువు ఇవ్వలేదు. సాహెబు ఉగాది లెక్క అంతా విన్నాడు. వాడొచ్చి చెప్పుకోవాల్సిన మాట నువ్వు చెప్తున్నావన్నాడు. వాడెక్కడున్నాడో నీకు తెలుసా అని అడిగాడు. సదానందం వెనక నుంచి చొక్కా పట్టి లాగాడు.

"తెల్వదు సాబ్" అన్నాడు యోహాను.

వేలంలో భూమిని పట్వారి బావమరిది పాడుకున్నాడు. రెండేళ్ళకు పోరాటం ఆగింది, కేసులు ఎత్తేశారు, వారంటు చిత్తు కాగితమైంది. వేలం మాత్రం రద్దు కాలేదు. మల్లేశం తల్లిని తీసుకుపోవడానికి వచ్చాడు. అత్తగారి వైపు పోడు కొట్టుకుని నాలుగెకరాలు చేసుకున్నాడట. వస్తాడు, ఒక మాట అంటాడు అని యోహాను గుమ్మంలోనే కూర్చున్నాడు. పొద్దు వాలే దాకా రాలేదు. చివరికి తానే చంద్రమ్మ వాకిట్లోకి పోయాడు. అక్కడ ఊరి వాళ్ళు నలుగురున్నారు. వాళ్ళలో ఒకడు, యోహాను నీ కోసం మునిగిపోయాడు కదరా అన్నాడు.

మల్లేశం బండికి తట్టలు కడుతూ తల ఎత్తలేదు.

"నేను రుమాలు సుట్టుకోని బయలెల్లితి. ఆపింది ఆయినే. నిజం చెప్పు అన్నా, నేను దాచమన్ననా?"

అబద్ధం లేదు అందులో. బండి కదిలింది. చంద్రమ్మ ఒక్కతే వెనక్కి తిరిగి చూసింది. ఆ వాగు దగ్గర మూడోసారి చెప్పినప్పుడైనా మళ్ళీ కాదంటాడేమోనని తాను ఎదురుచూశానని యోహాను మరియమ్మకు కూడా చెప్పలేదు. మోట పోయి కరెంటు మోటర్లు వచ్చాయి. ఇప్పుడు అదే బావి కింద పట్వారి బావమరిదికి కూలికి పోతున్నాడు. పోయింది ఎంత అని కొత్తవాళ్ళు అడిగితే పట్టా కాగితం చూసినట్టు చెప్తాడు: బావిలో సగం వాటా, రెండెకరాల పదిహేడు గుంటలు.