గజ్జి పోయాక లేచిన బొబ్బలు

మా ఇంటికి గజ్జి వచ్చిన నెలలో ఆ పురుగులన్నీ ముందు నా ఒంటిమీదే దిగాయి. డెబ్బయ్యారేళ్ళ ముడతలు కదా, కాపురం పెట్టడానికి ఇంతకంటే మంచి సందులు ఎక్కడ దొరుకుతాయి? కోడలు అందరికీ మెడ నుంచి అరికాలి దాకా మందు పట్టించింది, బట్టలన్నీ ఉడకబెట్టింది. వారం ఆగి రెండోసారీ పట్టించింది. నెల తిరిగేసరికి అందరి దురదా పోయింది. నాకు మాత్రం పొట్టమీదా, తొడలమీదా, చేతులమీదా నీటిబొబ్బలు లేచాయి. మామూలువి కావు, దూది దట్టించిన తలగడల్లా బిర్రుగా ఉన్నాయి. ఒకదానిమీద తలపెట్టి కునుకు తీద్దామనుకున్నానంటే నమ్మండి.

మాది పరుపులు కుట్టే కొట్టు. యాభై ఏళ్ళు నేను నడిపాను, ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు. పరుపులో దూది ఉండకట్టి ఉబ్బితే మేం గుడ్డ విప్పం, పైనుంచే దబ్బనం పొడిచి ఉండను చెదరగొడతాం. మావాడు నా ముంజేతి బొబ్బకూ అదే వైద్యం చేశాడు. పైగా దబ్బనాన్ని మంటలో కాల్చానని గొప్ప. రెండు రోజులకల్లా అది పచ్చిపుండై చీము పట్టింది.

అయినా వాడి అనుమానం నామీదే. నేను మందు సరిగ్గా పూసుకోలేదట, గజ్జి ఇంకా పోలేదట. మూడోసారి పూశారు, నాలుగోసారి పూశారు. బొబ్బలు భుజాలెక్కాయి. అప్పుడు వాడు నా పీటను కొట్టు ముందునుంచి తీసి వెనక దూది గదిలో వేశాడు.

"పరుపు కొనేవాళ్ళు నిన్ను చూస్తే మెట్టెక్కుతారా నాన్నా? తగ్గేదాకా ముందుకు రాకు."

తగ్గకపోతే ఏం చేస్తావని అడిగాను. వాడు కొట్టు ముందుకు పోయి గుడ్డ కొలవసాగాడు. కొట్టు ముందు ఆ పీటమీద కూర్చోకపోతే నేను ఉత్త తలగడ గలీబును, లోపల దూదే ఉండదు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి పెద్దాసుపత్రికి పోయాను. నేను కుట్టిన పరుపుమీద ఒకాయన మూడు రోజులు లేవకుండా నిద్రపోతే ఇంటిల్లిపాదీ ఏడుపు మొదలుపెట్టిన సంగతి చర్మం డాక్టరమ్మకు చెప్పాను. ఆవిడ నవ్వుతూనే నా వేళ్ళ సందులు గీకి మైక్రోస్కోపు కింద చూసింది. పురుగూ లేదు, గుడ్డూ లేదు. బొబ్బ పక్కనుంచి కందిగింజంత చర్మం తీసి పరీక్షకు పంపింది.

వారం తర్వాత పోతే సంగతి విప్పి చెప్పింది. బయటి శత్రువును కొట్టాల్సిన ఒంటి కాపలా, నా చర్మం పొరలను అతికించి ఉంచే బంకనే కొడుతోందట.

"కంచే చేను మేస్తోందన్నమాట," అన్నాను.

అంతేనంది. దీన్ని గజ్జే తెచ్చిందా అని అడిగాను. పెద్దవయసు వాళ్ళలో ఈ రెండూ ఒకరికే రావడం చూస్తున్నామనీ, పురుగే దీన్ని లేపిందని మాత్రం గట్టిగా చెప్పలేననీ అంది. పుండుకూ చిట్లిన బొబ్బలకూ కట్లు కట్టించి, ఘాటైన లేపనం చీటీమీద రాసిచ్చింది. పురుగులు ఉండగా అది పూస్తే వాటికి పెళ్ళిభోజనమేనట, అందుకే ముందు గీకి చూసిందట. బొబ్బలు ఎవరినీ పొడవనివ్వొద్దంది. ఇది అంటుకునే రోగం కాదని కాగితంమీద రాసిమ్మన్నాను. రాసిచ్చింది.

నేరుగా కొట్టుకు పోయి, పీట తెచ్చి ముందు వేసుకుని, చొక్కా చేతులు పైకి మడిచాను. అప్పుడే లాడ్జీకి పరుపులు కావాలంటూ వచ్చిన ఒకాయన నా కట్లూ బొబ్బలూ చూసి మెట్టుమీదే ఆగిపోయాడు. కాలిన గాయాలని మావాడు సర్దబోయాడు.

"అబద్ధమండీ," అన్నాను. "మా ఇంటికి గజ్జి వచ్చింది, పోయింది. ఇది వేరే జబ్బు, అంటదు. కాగితముంది, చదువుకోండి. చదివాక కూడా భయమైతే ఎదురుగా ఇంకో కొట్టుంది."

ఆయన చదవకుండానే ఎదుటి కొట్టుకు పోయాడు.

"చూశావా?" అన్నాడు మావాడు.

"చూశాను. రేపూ ఇక్కడే కూర్చుని చూస్తాను. సిగ్గుపడి దాచాల్సిందేమైనా ఉంటే అది నువ్వు చేసిన దబ్బనం వైద్యమేరా."

వాడు కాగితం లాక్కుని చదివాడు. మళ్ళీ చదివాడు. పరుపు అంచు కుట్టాలంటే ఒకరు బిగలాగి పట్టాలి, ఒకరు కుట్టాలి. నేను దారం ఎక్కించుకుని ఎదురుచూశాను. చాలాసేపటికి వాడొచ్చి గొంతుక్కూర్చుని, నా ముంజేతికి తగలకుండా అంచు పట్టాడు.

సాయంత్రానికి నాలుగంచులూ అయ్యాయి. బేరం ఒక్కటీ కాలేదు. కాకపోతే మానె, నేను లేవలేదు.