కాగడా పట్టుకున్న హీరో

ఇడ్లీ రేకులు తోమి బోర్లించి, తడి చేతులు కొంగుకి తుడుచుకుని, సుప్రియ భర్త కథకి ప్రూఫు చూడ్డానికి కూర్చుంది. రేపు పోటీకి పంపాలి.

పన్నెండేళ్లుగా శ్యామ్ సుందర్ రాసేది ఒకటే కథ. లోకం నాశనమైపోతుంది, ఒక మగాడు మిగులుతాడు. మొదట్లో ఆ హీరోకి కండలూ తుపాకీ ఉండేవి. తర్వాత గడ్డమూ అనుమానాలూ వచ్చాయి. ఈమధ్య ఓడిపోవడం కూడా నేర్చుకున్నాడు. "కాలాన్ని బట్టి హీరో మారుతున్నాడు సుప్రియా" అంటాడు శ్యామ్ సుందర్. కాలేజీలో ఇంగ్లీషు పాఠం చెప్పే మనిషి, ఇంట్లో ఆ పాఠం ఆపడానికి గంట కొట్టేవాళ్లు లేరు. "లోకం అంతమైపోయాక ఆయనకి అన్నం ఎవరు వండుతున్నారండి?" అని ఒకసారి అడిగింది. "నువ్వు ఏదైనా వంటింట్లోంచే చూస్తావు" అన్నాడు. "మొగుడు రాసిందాంట్లో తప్పులెన్నుతావేంటమ్మాయ్" అంది అత్తగారు జ్ఞానమ్మ. అక్షరదోషాలు మాత్రం ఎన్నవచ్చు.

ఈసారి కథ తమ ఊళ్లోనే. గ్యాసు పైపు కారుతుంది. హీరో ఇంటింటి తలుపూ బాది, ముసలివాళ్లని చెయ్యి పట్టుకుని కాలవగట్టుకి నడిపిస్తాడు.

సుప్రియ కాగితం దించి తన అరచేతులు చూసుకుంది. కిందటి నెల వారం రోజులు వాచిపోయిన చేతులవి. ఊళ్లో నిజంగానే గ్యాసు పైపు కారిన ఆ పొద్దున, వాసన రాగానే పొయ్యి ఆపి, కాలింగ్ బెల్లు ముట్టకుండా నలభై తలుపులు బాదింది. "పొయ్యి వెలిగించకండి, లైటు వెయ్యకండి, తిరిగే ఫ్యాను ఆపకండి." అత్తగారు ఆమె భుజం పట్టుకునే గట్టుదాకా నడిచింది. శ్యామ్ సుందరేమో "నేను ముందెళ్లి చూసొస్తా" అని, ఆ వాసనలోనే బండి స్టార్ట్ చేసి, ఊరు దాటి తాటిపాకలో తేలాడు. అంతా సర్దుకున్నాక తిరిగొచ్చి అడిగిన మొదటి మాట, "అన్నం అవలేదా?"

పేజీ తిప్పింది. కథలో హీరోకి ఒక పెళ్లాం ఉంది. భయానికి స్పృహ తప్పి పడిపోయింది. హీరో ఆమెని భుజాన వేసుకుని, చీకట్లో దారి కనబడ్డానికి కాగడా వెలిగించాడు.

తను చేసిన పని ఎత్తుకుపోయాడు, సరే. పోతూ పోతూ ఆ పని చేసిన మనిషిని నేలమీద పడేసి మరీ పోయాడు. పన్నెండేళ్లలో మొదటిసారి ఆమె పెన్ను అక్షరదోషాలు దాటి ముందుకెళ్లింది.

కాగడా దగ్గర అడ్డంగా గీత గీసి, కింద రాసింది: 'ఊరు పేలిపోయింది. కథ అయిపోయింది.' మిగిలిన ఏడు పేజీలూ విడదీసింది.

"అయిందా? కాస్త కాఫీ ఇస్తావా" అంటూ వచ్చి శ్యామ్ సుందర్ కాగితం చూశాడు. "ఇదేంటి? హీరో చచ్చిపోయేడేంటి?"

"గ్యాసులో కాగడా వెలిగించేడు కదండీ. కావలిస్తే అత్తయ్యగారిని అడగండి."

మంచం మీంచి జ్ఞానమ్మ అంది, "ఆయ్, మరి పేలిపోదేంట్రా."

సుప్రియ ఆ ఏడు పేజీలూ వెనక్కి తిప్పి, తెల్లగా ఉన్న వైపు పైన తన పేరు రాసుకుంది. దాని కింద మొదటి వాక్యం: 'ఆ రోజు తలుపులు బాదింది నేను.'

"మరి కాఫీ?"

"పొయ్యి మీరే వెలిగించుకోండి" అంది తలెత్తకుండా. "వాసన లేదు. చూసేను."