నెర్రె పక్కన తీసిన మట్టి

రాజరత్నం కడుపుమంటకు నంద్యాల మందుల షాపుల్లో మందు లేదు. ఆ మంట పేరు నాగజ్యోతి.

పంతొమ్మిదేళ్లుగా వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మట్టిలో తేమ కొలుస్తున్నవాడు రాజరత్నం. శనగకు తడి పెట్టాలా వద్దా అని ఆళ్లగడ్డ చుట్టుపక్కల రైతులు అతనికే ఫోన్ చేసేవాళ్లు. చర్చిలో ప్రార్థన నడుస్తున్నా బయటికొచ్చి జవాబు చెప్పేవాడు. జీతం కంటే ఆ ఫోన్లే అతనికి ఎక్కువ.

రెండేళ్ల కింద మూడు ఊళ్ల వాళ్లు కలిసి ఒక పరిశోధన మొదలుపెట్టారు. ఉపగ్రహం పంపే సమాచారం హైదరాబాద్ వాళ్లది, పెద్ద కంప్యూటర్ బెంగళూరు వాళ్లది, మట్టి నంద్యాలది. మూడూ కలిపి పొలాల తేమ పటం గీయడానికి చాగలమర్రి పిల్ల నాగజ్యోతి వచ్చింది. కంప్యూటర్ ముందు పులి, పొలంలో పిల్లి. మట్టి తీయడం నేర్పింది రాజరత్నమే.

ఉపగ్రహం మన మీదుగా పోయే రోజు పొద్దున ఆరింటికే పొలంలో ఉండాలి. ఇనుప గొట్టం దిగ్గొట్టి మట్టి తీసి, డబ్బాలో మూతపెట్టి తూచి, ఎండబెట్టి మళ్లీ తూచాలి; తగ్గిన బరువే తేమ. నల్లరేగడితో ఒక్కటే చిక్కు, ఎండేకొద్దీ నెర్రెలు బారుతుంది. నెర్రె అంచున మట్టి గాలికి ముందే ఎండిపోతుంది. అందుకని రెండు నెర్రెల నడుమే గొట్టం పెట్టాలి. ఈ మాట ఆ పిల్లకు పదిసార్లు చెప్పి ఉంటాడు.

అలాంటి ఒక మంగళవారం రాజరత్నం ఆళ్లగడ్డలో సుబ్బయ్య అనే రైతు శనగచేలోకి దిగాడు. సుబ్బయ్య ఫోన్ చూపిస్తూ ఎదురొచ్చాడు.

"ఇంగ నీకు ఫోన్ చేసే పనే ల్యాదప్పా. జ్యోతమ్మ పటం సూడు, మా చేను పచ్చగుండాది. ఇంకో వారం నీళ్లొద్దంటాంది. బలే పిల్లప్పా!"

రాజరత్నం నవ్వాడు. ఆ నవ్వు ముఖానికి అతుక్కోలేదు. గొట్టం చేతిలోనే ఉంది, నెర్రెలు కాళ్ల కిందే ఉన్నాయి. చేలో మూడుచోట్ల మట్టి తీయాలి, మూడుచోట్లా నెర్రె అంచునే దిగ్గొట్టాడు. కేంద్రానికి తెచ్చి గ్రాము తేడా లేకుండా తూచాడు. తూకంలో అబద్ధమేముంది? ఆ సంగతి తలచుకుని రెండు రోజులు హాయిగా భోంచేశాడు కూడా.

శుక్రవారం వీడియో మీటింగ్. ఆమె పటం తప్పని తేలితే కళ్లారా చూద్దామని వెనక కుర్చీలో కూర్చున్నాడు. తెర మీద హైదరాబాద్ శాస్త్రవేత్త రాజశేఖర్ అందుకున్నాడు.

"ఆళ్లగడ్డలో ఉపగ్రహం ఇరవై నాలుగు శాతం తేమ చూపిస్తోంది. మీ మట్టేమో పదకొండు అంటోంది. మట్టి తీయడంలోనే ఏదో పొరపాటు జరిగింది."

"ఆ మట్టి తీసింది రాజరత్నం సార్," అంది నాగజ్యోతి. "ఆయన చేతిలో పొరపాటు రాదు సార్. ఉపగ్రహం లెక్కనే నేను సరిచేసినా."

మీట నొక్కింది. పటంలో ఆళ్లగడ్డ పచ్చ పోయి, తేమ లేదన్నట్టు ఎర్రబడింది. సాయంత్రం అయిదుకు, తడి పెట్టండని నాలుగువందల మంది రైతులకు మెసేజ్ పోతుందని చెప్పింది.

రాజరత్నానికి ముందు ఒళ్లు మండింది. మంచితనంలో కూడా ఈ పిల్లే గెలవాలా? ఆ తర్వాత సుబ్బయ్య చేను గుర్తొచ్చింది. తేమ ఉన్న రేగడిలో మళ్లీ నీళ్లు పెడితే శనగ వేరు కుళ్లిపోతుంది. నోరు మూసుకుంటే పంతొమ్మిదేళ్ల పేరు నిలుస్తుంది, నాలుగువందల చేలు పోతాయి. టీ తాగాడు, కారిడార్లో అటూ ఇటూ తిరిగాడు, గడియారాన్ని తిట్టుకున్నాడు. అయిదుకు పది నిమిషాలుందనగా ఆమె బల్ల దగ్గరికి వెళ్లాడు.

"మెసేజ్ ఆపమ్మా. ఆ మట్టి నెర్రె పక్కన తీసినా."

"చూసుకోలేదా సార్?" అంది ఆమె మెత్తగా. తప్పించుకోవడానికి దారి ఆమే చూపించింది.

"సూసే తీసినా. సుబ్బయ్య నీ పటం సూపిచ్చి నిన్ను మెచ్చుకున్యాడు. ఓర్చుకోల్యాకపోయినా."

నాగజ్యోతి మెసేజ్ ఆపేసింది. తెర మీద అతని పాత తూకాలన్నీ తెరిచింది.

"ఇదొక్కటేనా సార్?"

"ఇదొక్కటే. దేవుని తోడు."

ఆమె తలూపింది. నమ్మిందో లేదో తెలియలేదు. పైవాళ్లకు అతని పేరు చెప్పలేదు, మట్టి మళ్లీ తీస్తామని మాత్రం రాసింది.

మళ్లీ ఉపగ్రహం వచ్చే రోజు తెల్లవారేసరికి ఆమె జీపులో కూర్చుని ఉంది. పంతొమ్మిదేళ్లలో అతను మట్టి తీస్తుంటే చూడటానికి ఎవరూ రాలేదు. ఆళ్లగడ్డ చేలో ఆమే ముందు నడిచింది. వంగి నెర్రెలు చూసి, రెండింటి నడుమ పుల్లతో చిన్న గుండ్రం గీసింది.

"ఈడ తీయండి సార్," అంది మర్యాదగా.

రాజరత్నం ఆ గుండ్రంలో గొట్టం పెట్టి సుత్తి ఎత్తాడు.