పటానికి కుట్టిన ముఖం

పెళ్లయి హనుమకొండలో కాపురం పెట్టిన కొత్తలో నాకు ప్రతిదీ వేడుకే. పాలు పొంగినా నవ్వే, మా వారి సైకిల్ వెనుక కూర్చుని కూరగాయలకు వెళ్లినా నవ్వే. మా వారు సారంగపాణి. పురాతన వస్తువులను బాగుచేసే ప్రభుత్వ కార్యశాలలో పని. ఎనభై మూడులో సీనియర్ కన్జర్వేటర్ హోదాకు ఆయన పేరు వెళ్లింది. హైదరాబాదు నుంచి కిషన్ రావు గారనే పెద్దాయన వచ్చి, మా వారు చేసిన పని ఒకటి చూసి, తగునో తగడో తేల్చాలి.

చూపించబోయేది ఒక పటం. ధర్మసాగర్‌లో కథలు చెప్పే మొగిలయ్యది, తాతల నాటిది. పొడవాటి గుడ్డ నిండా బొమ్మలు. దాన్ని వేలాడదీసి, కర్రతో ఒక్కో బొమ్మా చూపిస్తూ కథ చెప్తాడు. కర్ర తగిలీ తగిలీ నడుమనున్న అమ్మవారి ముఖం ఊడిపోయి చిల్లు పడింది. మా వారు వెనుక చింతగింజల జిగురుతో కొత్త గుడ్డ అతికించి, చిల్లులో కనిపించే మేరకు పాత గుడ్డ రంగు అద్ది వదిలేశారు.

ఆ మధ్యాహ్నం నేను సద్ది గిన్నె తీసుకుని వెళ్లేసరికి మొగిలయ్య గొడవపడుతున్నాడు.

“ముఖమేది సారూ?”

“ఎట్లుండెనో ఎవ్వరికి తెల్వదు మొగిలయ్యా. నేను ఊహించి గీస్తే అబద్ధమైతది.”

“నీ అబద్ధం, నీ నిజం నాకెందుకు? ముఖం లేని అమ్మను పట్టుకపోతే ఊళ్లె నన్ను తరుముతరు. కండ్లు లేని పటం సచ్చినట్టే. సచ్చినదాన్ని మేం గంగల కలుపుతం. మా తాత గట్లనే జేసిండు.”

“గంగలనా!”

“ఐతారం కథుంది. కండ్లన్న పెట్టు, లేకుంటె నా పటం నాకియ్యి.”

పోయినదాన్ని కల్పించి గీయకూడదన్నది వాళ్ల పనిలో మొదటి నియమం. గీస్తే కిషన్ రావు గారు పేరు కొట్టేస్తారు. గీయకపోతే పటం నీళ్లపాలు. సాయంత్రం మా వారు చాయ్ కూడా వద్దన్నారు.

నేను కొత్త చీరకు ఫాల్ కుడుతూ, సూది కంటే ఆయన్నే ఎక్కువ చూశాను. కుట్టు వంకరపోయింది. నవ్వుకుంటూ దారం లాగేశాను.

“ఆగు, ఏం చేసినవ్?”

“వంకర పోయింది, ఇప్పేసిన.”

ఆయన చీర అంచు కిటికీ వెలుగులో పెట్టి చూశారు. “గుర్తన్న లేదే!”

“ఒక్క పోగు పట్టుకుని కుడితే గుర్తెందుకుంటది? గింత చదువుకున్నరు, ఫాల్ సంగతి తెల్వదా?”

ఆయన ఉన్నట్టుండి నన్ను చీరతో సహా గిర్రున తిప్పారు. సూది ఎక్కడో పడింది. ఇద్దరం నేల మీద కూర్చుని వెతుకుతూ ఉపాయం మాట్లాడుకున్నాం.

మరునాడు మా మాట విని మొగిలయ్య చేర్యాల నుంచి పటాలు వేసే చిత్రకారుణ్ని తీసుకొచ్చాడు. అతను విడిగా చిన్న గుడ్డ మీద ముఖం వేసి, ఆఖరున కండ్లు పెట్టాడు. దాన్ని నేను, పాత గుడ్డకు సూది తగలకుండా, దారం తెంపితే ఊడివచ్చేలా చిల్లులోని కొత్త గుడ్డకే కుట్టాను.

శనివారం కిషన్ రావు గారు కార్యశాలకు వచ్చారు. నేనూ, పటం కోసం వచ్చిన మొగిలయ్యా ఓ పక్కన నిలబడ్డాం. పటం మీద వంగి, ముఖం దగ్గర ఆగిపోయారు.

“ఇది పాతది కాదు.”

“కాదు సార్. మొన్న చేర్యాల ఆయన వేసిండు. వెనుక అదే రాసి పెట్టిన.”

“ముఖం ఎందుకు పెట్టినవ్?”

“లేకుంటె పటం గంగలకు పోతది సార్.”

కిషన్ రావు గారు కత్తెర అడిగారు. దారం తెంపి ముఖాన్ని పైకి లేపారు. మొగిలయ్య ఒక్క అంగలో బల్ల దగ్గరికొచ్చాడు.

“అయ్యో, అమ్మ ముఖం పీకుతాండు! నీకు పుణ్యముంటది, జర ఆగు సారూ!”

కింద మా వారు వదిలేసిన రంగు గుడ్డ చెక్కుచెదరకుండా ఉంది. కిషన్ రావు గారు భూతద్దంతో చుట్టూ చూశారు. పటాన్ని చుట్టించి, మళ్లీ పరిపించి చూశారు.

“సీనియర్‌కు తగినోడే అని రాస్తున్న,” అన్నారు చివరికి. “ముందు ముఖం మళ్ల కుట్టు. రేపు కథున్నదంటున్నరు గద.”

“నాకు కుట్టు రాదు సార్,” అన్నారు మా వారు, నా వైపు చూస్తూ.

“జల్ది గానియ్యి బిడ్డా,” అన్నాడు మొగిలయ్య, “మా ఊరి బస్సు పోతది.”

మా వారు రెండు చేతులతో ముఖాన్ని కదలకుండా పట్టుకున్నారు. నేను సంతోషంతో ఆయన్నే చూస్తుంటే, సూదిలో దారం ఎంతకీ ఎక్కలేదు.