ఎడమ పక్క వెలుగు

చీకటి. చల్లటి, పొడి చీకటి.

తలుపు సందులకు కూడా నల్లగుడ్డ అంటించిన గది అది. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే.

అందులో ఇద్దరు. చెక్కదిమ్మ మీద గడ్డం ఆనించి కదలకుండా కూర్చున్న ఒక దర్జీ. అతని వెనక, అతను చెప్పింది చెప్పినట్టు బొత్తాం నొక్కి నమోదు చేసే ఒక శాస్త్రవేత్త. మెదడు ఎలా చూస్తుందన్నదే పాతికేళ్ళుగా ఆమె చదువు, ఆమె కొలువు, ఆమె పిచ్చి.

దర్జీ కళ్ళకు ఏ లోపమూ లేదు. కిందటేడు తల వెనక భాగంలో ఒక నరం చిట్లింది. ముక్కుకు ఎడమ పక్కనున్న లోకమంతా పోయింది.

అప్పటినుంచి అతని ఎడమ భుజానికి తగలని గుమ్మం లేదు.

అతనికి కనిపించని ఆ పక్కన, తెర మీద, ఆమె యంత్రం చేత ఒక వెలుగు చుక్క వేయిస్తుంది. ఒక్కోసారి వేయించదు. ఉందో లేదో అతను చెప్పాలి.

"నాకేం కనపడట్లేదు డాక్టరమ్మా."

"తెలుసు మాస్టారూ. మనసుకి ఏది తడితే అది చెప్పండి."

"ఉంది."

"లేదు," మళ్ళీ అతనే.

"ఉంది..."

ఊరికే ఊహిస్తే వందకు యాభై వస్తాయి. అతనికి తొంభై వచ్చాయి.

తొంభై!

చూస్తున్నానని తెలియకుండానే మనిషి చూడగలడని ఆమె వ్యాసం రాసేసింది. శుక్రవారం పత్రికకు పంపాలి. దర్జీ భార్య అంతకన్నా ముందుంది — మా ఆయనకు చూపు తిరిగొస్తోందని వీధంతా చెప్పేసింది.

బుధవారం ఉదయం, ఎప్పుడూ తల వంచుకుని బొత్తాల మీదే ధ్యాస పెట్టే ఆమె ఎందుకో తలెత్తింది.

తెర మీద చుక్క లేదు. మళ్ళీ చూసింది. మళ్ళీ లేదు. లోపల బల్బు మాడిపోయింది.

దర్జీ మాత్రం చెబుతూనే ఉన్నాడు. ఉంది. లేదు. ఉంది. యంత్రం వెలుగు వేశాననుకున్న ప్రతిసారీ — ఉంది.

ఆమె ఊపిరి బిగబట్టింది. అప్పుడు వినిపించింది.

టిక్.

బల్బు ముందుండే రేకు మూత తెరుచుకుంటున్న చప్పుడు. వెలుగు వేసేటప్పుడే అది కదులుతుంది. ఏళ్ళ తరబడి ఆ గదిలోనే కూర్చుని కూర్చుని, ఆ చప్పుడు ఆమెకు వినబడటం మానేసింది. కళ్ళ గురించి ఇంత చదివిన మనిషి చెవుల దగ్గర పప్పులో కాలేసింది.

బల్బు మార్చేస్తే చాలు... ఎవరికీ తెలియదు.

ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు తల కొట్టేసినట్టయింది. లైటు వేసి, కుర్చీ అతని కుడి పక్కకు లాక్కుని, ఉన్నదున్నట్టు చెప్పింది.

దర్జీ చెక్కదిమ్మ మీంచి గడ్డం తీశాడు.

"అయితే నేను చూళ్ళేదన్నమాట. విన్నానన్నమాట."

"తప్పు మీది కాదు మాస్టారూ. నాది."

అతను టోపీ తీసుకుని లేచాడు. వెళుతూ గుమ్మానికి భుజం తగిలించుకున్నాడు. ఆ చప్పుడు ఆమె బాగానే విన్నది.

శుక్రవారం వ్యాసం వెళ్ళలేదు. మూత ఇప్పుడు ప్రతిసారీ టిక్కుమనేలా యంత్రాన్ని మార్చింది — వెలుగు మాత్రం సగం సార్లే. యంత్రం సిద్ధం. మనిషి లేడు.

ఒక రోజు. మూడు రోజులు. ఆరు రోజులు.

వ్యాసం పోయినందుకు కాదు ఆమె ఏడ్చింది. ఒక ఇంట్లో ఆశ పెట్టి, మళ్ళీ తనే తీసేసుకున్నందుకు ఏడ్చింది.

ఏడో రోజు తలుపు చప్పుడైంది.

"మా ఆవిడ తరిమేసిందమ్మా. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టవూ, ఇంట్లో కూర్చుని మూలుగుతావేంటి అంది." దర్జీ చెక్కదిమ్మ మీద గడ్డం ఆనించాడు. "కానివ్వండి."

పది రోజులు. రోజుకు వంద.

టిక్. లేదు. టిక్. ఉంది. టిక్... ఉంది.

వెయ్యికి ఆరు వందల ఇరవై మూడు.

ఆమె రెండుసార్లు లెక్కపెట్టింది. నమ్మకం చాలక పక్క గదిలోని శిష్యురాలి చేత లెక్కపెట్టించింది.

"అదృష్టం ఐదు వందల యాభై దాకా లాక్కురావచ్చు మేడమ్. ఇంత దూరం మోసుకురాదు," అంది శిష్యురాలు.

వందకు అరవై రెండు, తొంభై కాదు. తొంభైకి ఆమడ దూరం. అయినా ఇది నిజం. ఆమెకు నవ్వొచ్చింది, గట్టిగా నవ్వింది.

"గుడ్డి కన్నా మెల్ల మేలంటారు," అన్నాడు దర్జీ, సంగతి విని. "కానీ ఒట్టు డాక్టరమ్మా, నాకు ఒక్కసారీ ఏమీ కనపళ్ళేదు."

"కనపడలేదు. అయినా తెలిసింది."

అతను తన రెండు చేతులూ చూసుకున్నాడు. ఎడమ చెయ్యి చూడ్డానికి తల తిప్పాల్సి వచ్చింది.

"నాకు తెలీకుండానే తెలిసిందంటే... మరి తెలిసింది ఎవరికమ్మా?"

పాతికేళ్ళ చదువులో ఆ ప్రశ్న ఇంత తేలిగ్గా ఎవరూ అడగలేదు. అతను అడిగినందుకు ఆమెకు సంతోషంగా ఉంది.

"ఇంకో వంద చూద్దామా మాస్టారూ?"

ఆమె లైటు ఆర్పింది.