గ్రూపులో చెప్పు వదినా

అక్కయమ్మ మీద మునిలక్ష్మికి ఒకే ఒక్క ఫిర్యాదు. పెళ్లయి ఇరవై రెండేళ్లయినా ఆడబిడ్డ నోట "నాది తప్పు" అన్న మాట వినలేదు. సాంబారులో ఉప్పెక్కువైతే ఉప్పుది తప్పు. బస్సు తప్పిపోతే డ్రైవరుది తప్పు. తమ్ముడు మునీంద్రకు బట్టతల వస్తే మరదలు పెట్టిన నూనెది తప్పు. ఇంత నిర్దోషి అయిన మనిషి పక్కవీధిలోనే కాపురముంటే మామూలు వాళ్లు బతికేదెలా?

అయినా మునిలక్ష్మి బతికింది. రొమ్ములో గడ్డ తగిలేదాకా ఆమె మీద పగ కూడా పెట్టుకోలేదు.

జూన్‌లో ఒకరోజు స్నానం చేస్తుంటే ఎడమవైపు కుంకుడు గింజంత తగిలింది. నొప్పి లేదు. ఆమె చేసిన పొరపాటల్లా అక్కయమ్మతో చెప్పడం. అక్కయమ్మ బెంగళూరు నగర్తపేటకు పోయి, ఎవరినో పట్టుకుని ఏదో వేరు తెచ్చి, నూరి పట్టు వేసింది. "కరిగిపోతాది చూడు" అంది. గడ్డ అలాగే ఉంది, పైన చర్మం మాత్రం కాలినట్టు బొబ్బలెక్కింది. అది మానేదాకా పరీక్షలు చెయ్యలేమని ఆసుపత్రిలో వెనక్కి పంపేశారు. అలా రెండు నెలలు పోయాయి. లోపల అది పెరుగుతోందో ఏమోనని మునిలక్ష్మి పూటకోసారి తడుముకుంటూ గడిపింది.

"వేరు మంచిదే. నీ తోలే మెత్తన" అని తేల్చేసింది అక్కయమ్మ.

ఆ క్షణాన మునిలక్ష్మి ఒక నిర్ణయానికొచ్చింది. గడ్డ సంగతి డాక్టర్లు చూసుకుంటారు. ఆ 'నాది తప్పు' సంగతి తాను చూసుకోవాలి.

పుండు మానాక స్కానింగ్ చేసి, బయాప్సీ అవసరమన్నారు. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం. విన్న సాయంత్రమే అక్కయమ్మ అరవై మూడు మంది ఉన్న బంధువుల వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది: "గడ్డను సూదితో పొడిస్తే రేగి ఒళ్లంతా పాకుతాది. మన ఇండ్లల్లో ఆడోళ్లెవరూ ఒప్పుకోవద్దండప్పా." నలభై మంది దండాల బొమ్మలు పెట్టారు.

బయాప్సీకి తోడు ఒకరు రావాలన్నారు. మునీంద్ర సెలవు పెడతానన్నాడు. "నీకెందుకప్పా బేజారు" అంది మునిలక్ష్మి. నేరుగా ఆడబిడ్డకే ఫోన్ చేసి, గొంతులో తేనె పోసుకుని, "నువ్వు పక్కనుంటేనే నాకు ధైర్యం వదినా" అంది. అంత పొగడ్త అక్కయమ్మకు ఎన్నడూ దక్కలేదు. పట్టుచీర కట్టుకుని వచ్చింది.

డాక్టర్ కిరణ్మయి నెల్లూరు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన మనిషి. మునిలక్ష్మి ఆమె ఎదుట కూర్చుని మొదలుపెట్టింది.

"డాక్టరమ్మా, మా వదిన అడగమనింది. సూది పొడిస్తే పాకుతాదా?"

"నేనెప్పుడు అడగమంటి?" అంది అక్కయమ్మ.

డాక్టర్ ఆమె వైపే తిరిగింది. "పాకదమ్మా. ఆ భయంతో లేట్ చేసేవాళ్లతోనే మాకు ప్రాబ్లమ్. అసలు చాలా గడ్డలు క్యాన్సర్ కావు. ఏదో తెలుసుకోవడానికే ఈ టెస్ట్."

"మా వదిన ఇంకొకటి అడగమనింది. వేరు నూరి పట్టేస్తే కరుగుతాదా?"

"ఎవరు వేశారమ్మా అలాంటి పట్టు?"

అక్కయమ్మ ఫ్యాను వైపు చూసింది.

"ముందు నాకివి చెప్పండి" అంది డాక్టర్. "రక్తం పల్చబడే మాత్రలేమైనా వాడుతున్నారా? మత్తు ఇంజెక్షన్లు పడవా? పౌడరు, స్ప్రే ఏమైనా పూసుకొచ్చారా?" మునిలక్ష్మి అన్నిటికీ లేదంది. అన్నం తినే రమ్మన్నారు, రవికె ముందు హుక్కులది వేసుకొమ్మన్నారు. అలాగే వచ్చింది.

లోపల మత్తు సూది చీమ కుట్టినట్టు చురుక్కుమంది. తర్వాత నొక్కుతున్నట్టు ఉంది తప్ప నొప్పి తెలియలేదు. స్కాన్ తెర మీద చూస్తూ డాక్టర్ ముక్క తీసినప్పుడల్లా స్టాప్లరు కొట్టినట్టు టక్కుమంది. ముందే చెప్పారు కాబట్టి మునిలక్ష్మి ఉలిక్కిపడలేదు. చెప్పినా చెవికెక్కని అక్కయమ్మ మాత్రం కర్టెన్ అవతల కుర్చీలో నాలుగుసార్లు ఎగిరిపడింది. సీసాలో తేలుతున్న ముక్కలు సేమియా తునకల్లా ఉన్నాయి. నర్సు పది నిమిషాలు గట్టిగా అదిమిపట్టి, పట్టీ వేసి, ఐస్ పెట్టింది.

"కమిలి నీలంగా అవుతుంది, కంగారొద్దు. నొప్పుంటే పారాసెటమాల్ చాలు. రక్తం ఆగకపోయినా, వాపు పెరిగినా, జ్వరం వచ్చినా వెంటనే రండి. రెండు రోజులు ఆ చేత్తో బరువులెత్తకండి. రిపోర్టు వారంలో వస్తుంది."

ఇంటికొచ్చాక మునిలక్ష్మి ఆ రెండు రోజులను ఆరు చేసింది. భయంతో బిగుసుకుపోయిన అక్కయమ్మకు డాక్టర్ మాట ఒక్కటీ గుర్తులేదు కాబట్టి నమ్మింది. రుబ్బింది, బిందెలు మోసింది, ఆరుగురికి రాగిసంగటి గెలికింది. మునిలక్ష్మి దిండుకానుకుని "ఉండలు కట్టకుండా గెలుకు వదినా" అని సలహాలిచ్చింది. ఇంతకంటే మంచి మందు ఏ ఆసుపత్రిలోనూ ఇవ్వరు.

మూడో రోజు అక్కయమ్మ కూతురు సుమ హూడి నుంచి చూడ్డానికొచ్చింది. తల్లి వంటింట్లో ఉండగా అత్త పక్కన కూర్చుని గుసగుసగా అంది: "అత్తా, నాకూ గడ్డ ఉండాది. బయాప్సీ చెయ్యాలని చెప్పి మూడు వారాలైంది. అమ్మ వాయిస్ విని పోలేదు."

మునిలక్ష్మి పట్టీ తీసి దోమకాటంత గుర్తు చూపించింది. "ఇంతేనే పిల్లా. రేపే పోదాం, నేనూ వస్తా."

"నువ్వు చెప్తే సరే అనిపిస్తాది. పడుకుంటే మళ్లీ అమ్మ గొంతే వినిపిస్తాది. అమ్మే కాదని చెప్పాల అత్తా. నేను అడగలేను. నువ్వే అడుగు."

వెంటనే అడిగితే అక్కయమ్మ ఇంకో వేరు తెస్తుందని మునిలక్ష్మికి తెలుసు. రిపోర్టు చేతికి రావాలి. ఆ మూడు రోజులూ ఆమెకు సొంత గడ్డ కంటే సుమ గడ్డే ఎక్కువ బరువుగా ఉంది.

ఆరో రోజు మునీంద్ర రిపోర్టు తెచ్చాడు. మామూలు గడ్డ, క్యాన్సర్ కాదు. మునిలక్ష్మి కళ్లు తుడుచుకునేలోపే అక్కయమ్మ సంగటి కట్టె పైకెత్తింది.

"చూస్తివా? ఏమీ లేదని నేను ముందే చెప్పలేదా? సుమ్మనే ఊరికే పొడిపించుకుంటివి!"

"సుమకూ గడ్డ ఉండాది వదినా" అంది మునిలక్ష్మి. "సూదికి రమ్మంటే మూడు వారాలుగా పోలేదు. సూది పొడిస్తే పాకుతాదని ఎవరో గ్రూపులో చెప్పినారంట."

కట్టె గిన్నెలోకి జారింది. అక్కయమ్మ "నా బిడ్డకా?" అంది. మళ్లీ, "నీకేం పాకలేదు కదా?"

"కాగితం నీ ముందే ఉండాది."

"ఇప్పుడే దానికి ఫోన్ చేస్తా."

"ఫోన్లో కాదు. ఎక్కడ చెప్పినావో అక్కడే చెప్పు. ఇంకెంతమంది సుమలు విన్నారో."

అక్కయమ్మ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. "డాక్టర్లు ఏమంటా ఉండారంటే..." మునిలక్ష్మి చెరిపేసింది. "కొందరికి పాకకపోవచ్చు..." అదీ చెరిపేసింది. మునీంద్ర పొయ్యి కట్టేసి గుమ్మంలో నిలబడ్డాడు. ఈ ఘట్టం అతనూ పుట్టాక చూడలేదు.

మూడోసారి అక్కయమ్మ కళ్లు మూసుకుంది.

"నేను అక్కయమ్మను. సూది పొడిస్తే పాకుతాదని నేను చెప్పింది తప్పు. వేరు పట్టేసి మునిలక్ష్మి ఒళ్లు కాల్చింది కూడా నేనే, అదీ తప్పే. సుమా, రేపు పొద్దున తయారుగా ఉండు, నేనొస్తా ఉండా. తప్పు నాదేనే తల్లీ."