సంచి ఎవరిది?

సుల్తానాబాద్ బస్టాండ్ల హమాలి పర్శరాములు సంచి ఎత్తే ముందు అందుల ఏమున్నదని అడగడు, ఎవరిదని అడుగుతడు. కరీంనగర్ నుంచి దిగిన డాక్టరమ్మ పెద్ద పెట్టె చూపెడితే ఒక్క చేత్తోని లేపుకొని పోతడు. బీడీలు చేసే ముసలవ్వ ఇంత చేతిసంచి చూపెడితే మాత్రం నెత్తి గోక్కుంటడు. ముసలవ్వకు కూడా కోపం రాదు. "సబ్బులున్నయి, చాపత్త ఉన్నది బిడ్డా" అని ముందే చెప్పి తానే ఒక పక్క పట్టుకుంటది.

ఇది ఇక్కడ కొత్త ముచ్చట కాదు. దుకాణంల కొన్న సామానుకు పన్నుంటది గదా, ఆ పన్ను సంచిలకు బరువై దిగుతది. నెల నెలా మస్తు జీతమొచ్చేటోళ్ల సంచిల దూదంత దిగుతది. ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునేటోళ్ల సంచిల బండరాయంత దిగుతది. కొన్నోళ్ల రాబడిని బట్టే బరువు; మోసేటోడు ఎవరైతే ఏంది, బరువు మారదు. కాంటాకు ఇదంత తెల్వది. దానికి కిలో అంటే కిలోనే. తూనికల సారు ఏడాదికోపారి వచ్చి, కాంటా చూసి, ముద్ర వేసి, తాను కొన్న సామాన్ల సంచిని ఈ చేతిల నుంచి ఆ చేతిలకు మార్చుకుంట పోతడు. ఆయనది నడిమి బరువు.

బస్టాండు గేటు పక్కన శంకరవ్వ బండి. పొద్దుగాల సర్వప్పలు కాలుస్తది. బియ్యప్పిండిల పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి, గిన్నె అడుగుకు చేత్తోని ఒత్తి, సన్నటి మంట మీద పెడుతది. గోదావరిఖని పోయే బస్సుల ఒకాయన ఆ అప్ప కొరికితే ముందు సీట్లున్నాయన వెనుకకు తిరిగి చూడాలె, అంత కరకరలాడుతది. సాయంత్రం వచ్చిన పైసలతోని రేపటికి ఐదు కిలోల బియ్యం కొనుక్కొని, నానబోసి, గిర్నిల పట్టించుకుంటది. రేషన్ బియ్యం ఇంట్ల తిండికే సరిపోతయి. మిగిలినా ఆ బియ్యంతోని అప్ప మెత్తగయితదని ఆమె ముట్టదు.

భర్త అంతయ్య రైస్‌మిల్లుల హమాలి. వయసుల ఉన్నన్నాళ్లు మిల్లు బస్తాలు లారీలకెక్కించిండు. ఇప్పుడు నడుము పోయి మంచంల కూసుంటున్నడు. అందుకే ఇంటికి ఏది రావాలన్నా శంకరవ్వ భుజం మీదనే రావాలె.

ఆ ఏడు వానకాలంల బియ్యం మీద పన్ను పడ్డది. అన్ని బియ్యం మీద కాదు. పేరు అచ్చేసి అమ్మే ప్యాకెట్ల మీద, అది కూడా ఇరవై ఐదు కిలోల దాంక. అంతకు మించిన బస్తాకు లేదు, విడిగ జోకి పోసే బియ్యానికి లేదు. ఇంకేం, శంకరవ్వ విడిబియ్యం కొనుక్కోవచ్చు గదా అంటరు. ఎక్కడున్నయి విడిబియ్యం? ఊరికి బియ్యమిచ్చే మిల్లు శ్యాంసుందర్‌రావు సారుది. ఆయన అప్పటికే విడిగ అమ్ముడు బంద్ చేసి, మనుమరాలు స్నిగ్ధ బొమ్మ అచ్చేయించి, ఆమె పేరు మీదనే చక్కటి ప్యాకెట్లు తీసిండు. పన్ను పడంగనే ఆయన చేసిన పని ఇంకోటి. ఇరవై ఆరు కిలోల బస్తా తీసిండు. ఊరికంతటికి పన్ను తప్పించిన అని ఆయన సంబరం. అబద్ధమెందుకు, ఆ సంబరం నిజమైందే. ఇరవై ఆరు కిలోలు ఒక్కపారి కొనలేనోళ్లు ఊర్లె ఉన్నరన్న సంగతి ఆయన మనసుకు తట్టలేదు, అంతే.

రావు సారు చెడ్డోడు కాదు. ముచ్చట్ల మనిషి. సుగ్రా బేగం కిరాణా దుకాణానికి తానే వచ్చి, తనక్కావలసింది తానే కొనుక్కొని, సంచిని చిటికెనవేలుకు తగిలించుకొని, గంటసేపు నిలవడి మాట్లాడుతడు. పన్ను పడ్డ కొత్తల గదే ముచ్చట. సబ్బు తనకెంతో కూలోళ్లకూ అంతే, పన్ను కూడా అంతే, ఇంతకన్న న్యాయం ఏముంటదని అడిగిండు. పన్నులు లేకుంటే రోడ్లెట్లొస్తయి, ముసలోళ్లకు పింఛనెట్లొస్తదని కూడా అడిగిండు. సుగ్రా బేగం చాపత్త పొట్లం కట్టుకుంట తలూపింది. దుకాణం ముంగట ఆమె వేయించిన చెక్కబల్ల ఉన్నది. కొన్నోళ్లు సంచి పెట్టుకొని, జర ఊపిరి తీసుకొని పోయేటందుకు. ఆ బల్ల మీద రావు సారు సంచి ఎన్నడూ దిగలే.

శంకరవ్వకు సబ్బు బరువు అలవాటే, నూనె బరువు అలవాటే. అవి ఎప్పుడో ఓపారి కొంటది. బియ్యం దినాం కావాలె గదా. పన్ను పడ్డ మొదటి వారం ఆమె బల్ల మీద కూసొని లేచి పోయింది. తర్వాత ఇంటికి పోయేలోపల కరెంటు స్తంభం కాడ ఓపారి, రైలుగేటు కాడ ఓపారి దించుడు మొదలుపెట్టింది. శ్రావణం వచ్చేసరికి కుడి భుజం జారిపోయినట్టయి, ఓ సాయంత్రం సంచి బల్ల మీది నుంచి లేవనే లేలే. బియ్యం బేగంకే వాపసిచ్చి, ఖాళీ చేతులతోని ఇంటికి పోయింది. తెల్లారి బండి లేదు. ఆ మరునాడూ అదే కథ.

బస్టాండు కాడ బండ్లోళ్లు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు ఒకటున్నది. చెప్పకుంట మూడు పొద్దులు బండి నిలవకపోతే ఆ జాగ వెనుక వరుసల నిలవడ్డోళ్లది. చెప్పి మానుకుందామంటే ఎన్ని రోజులని చెప్పాలె? భుజం ఎప్పుడు బాగయితదో ఆమెకే తెల్వదాయె. చెరుకురసం మిషనాయన అప్పటికే వచ్చి, గేటు పక్కన జాగను కాలడుగులతోని కొలుచుకొని పోయిండు. పర్శరాములు ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పి, రేపు పొద్దుగాల పొయ్యి వెలగకపోతే తాను కూడా ఆపలేనన్నడు. శంకరవ్వ ఆ రోజంత భుజానికి కాపుడం పెట్టుకున్నది. బండి పోతే ఈ వయసుల ఎవరి ఇంట్ల బాసన్లు తోమాలె అని ఏడ్చింది. అంతయ్య గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

పొద్దుగుంకుతుంటే బేగం దుకాణానికి పోయి ఐదు కిలోలు కొన్నది. "శంకరవ్వా, నేను పట్టుకుంట రానా?" అన్నది సుగ్రా బేగం. ఆమెకూ మోకాళ్ల నొప్పులే. వద్దన్నది శంకరవ్వ. వాన సన్నగ పడుతున్నది. పట్టాల మీదికి వచ్చేసరికి భుజం మళ్ల జారింది. సంచి సరిగ్గ పట్టాల నడుమ దిగింది. ఎంత గుంజినా కదలలే. గేటుమన్ గంట కొట్టి, నిజామాబాద్ బండి వస్తున్నది జరుగున్రి అని మొత్తుకున్నడు.

ఇంకా పడని గేటు ముంగట ఆగిన మొదటి కారు రావు సారుది. అద్దంల నుంచి చూసిండు. ఆడమనిషి వానల పట్టాల మీద సంచితోని గుంజులాడుతుంటే కూసొని చూసే రకం కాదాయన. తలుపు తీసుకొని ఉరికొచ్చి, జరుగమ్మా అని, అలవాటు కొద్ది ఒక్క చేత్తోని ఎత్తబోయిండు. సంచి లేవలే. రెండు చేతులు వేసి గుంజిండు. నడుముల ఏదో కలుక్కుమన్నది. అయినా విడువలే. ఇద్దరూ చెరో పిడి పట్టుకొని, ఈడ్చి, పట్టాలు దాటించిన్రు. వెనుక గేటు పడ్డది. కారు అవతల, ఆయన ఇవతల.

"ఏం పెట్టినవమ్మా ఇందుల?" అన్నడు రావు సారు, నడుము పట్టుకొని.

"మీ బియ్యమే సారూ. ఐదు కిలోలు."

సంచి మూతి తెరిచి చూసిండు. లోపల నుంచి మనుమరాలు నవ్వుతున్నది.

రైలెళ్లి గేటు లేచేదాంక నిలవడొచ్చు. కాని ఎత్తిన పిడి విడిచిపెట్టుడు ఆయనకు నామోషీ అనిపించింది. పదా అన్నడు. చెరో పక్క పట్టుకొని నడిచిన్రు. కొంత దూరం పోయినంక దించున్రి అన్నడు, దించిన్రు. మళ్ల ఎత్తిన్రు.

"పన్ను బరువు ముచ్చట నేను విన్న శంకరవ్వా. అందరూ అంటరు. గింతుంటదనుకోలే."

"ఇది తక్వనే సారూ. నూనె కొన్ననాడు చూడాలె."

అలవాటైన నోరు ఊకుంటదా. పన్నులు లేకుంటే రోడ్లు, అని మొదలుపెట్టిండు. ఊపిరందక ఆగిపోయిండు. మిగిలింది శంకరవ్వనే అందుకున్నది.

"రోడ్డు కావాలె సారూ. నేను నడిచేది కూడా దీని మీదనే. పన్ను వద్దంటలేను. ఇద్దరం ఒక్కతీరుగ నడిచేటట్టుంటే మంచిగుండు."

రావు సారు పిడిని రెండో చేతికి మార్చుకున్నడు.

ఇల్లు రాంగనే అంతయ్య చూసి, నడుము సంగతి మరిచి, మంచంల నుంచి లేవబోయిండు. తాను పనిచేసిన మిల్లు సారు, చొక్క తడిసి, తమ ఇంటికి బియ్యం మోసుకొస్తున్నడాయె. "మీరు మోసుడేంది సారూ" అన్నడు. రావు సారు గడప మీదనే కూలవడి, చెంబెడు నీళ్లు తాగి, సంచి దిక్కు చెయ్యి చూపెట్టిండు.

"అంతయ్యా, మా మిల్లుల బస్తాలకు బస్తాలు మోసినవు గదా. ఇది నీకు లేవకపోయేదా, నడుము బాగున్ననాడు కూడా?"

"అవి మీ బస్తాలు సారూ," అన్నడు అంతయ్య. "మీవి మస్తు తేలిక."

తెల్లారి చీకటి విచ్చక ముందే గేటు పక్కన పొయ్యి వెలిగింది. మొదటి అప్ప గిన్నె అడుగు నుంచి ఊడి వచ్చే టైముకు చెరుకురసం మిషనాయన బండి తోసుకొని వచ్చిండు. చూసిండు. రెండు అప్పలు కట్టించుకొని మళ్ల తన వెనుక వరుసకే పోయిండు. పర్శరాములు అందరికన్న ముందే వచ్చి తిన్నడు. శంకరవ్వకు ఆ పొద్దు ఆకలే గాలేదు. ఊరికూరికె నవ్వు వచ్చింది.

అటు రావు సారు మంచంల బోర్ల పండుకొని ఉన్నడు. భార్య సరళాదేవి నడుముకు తైలం రాసుకుంట, మిల్లు పెట్టినంక ఇన్నేండ్లకు మీరు హమాలి అయిన్రు అని ఆటపట్టించింది. ఆయన దిండుల మొఖం పెట్టుకొనే కొడుకు సంతోష్‌రావును పిలిచి, బేగం దుకాణానికి యాభై కిలోల గోనెసంచులు పంపుమన్నడు, పేరు లేకుంట, బొమ్మ లేకుంట, విడిగ జోకి అమ్మేటందుకు. ప్యాకెట్లల్ల లాభం ఎక్కువ, పేరు కూడా నిలవడుతున్నది, ఇప్పుడు వెనుకకు పోతే ఎట్ల బాపూ అన్నడు కొడుకు.

"నువ్వు పోయి శంకరవ్వ సంచి ఒక్కపారి ఎత్తి రా. అటెంక లాభం ముచ్చట మాట్లాడుదాం."

సంతోష్‌రావు రోజూ కసరత్తు చేసి కండలు పెంచినోడు. నవ్వుకుంట పోయిండు. బండి కింద ఆమె కిందటి వారం కొన్న నూనె డబ్బా ఉంటే, దాన్నే ఎత్తబోయిండు. మధ్యాహ్నం గోనెసంచులు పోయినయి.

ఆ సాయంత్రం బేగం దుకాణం ముంగట కాంటా. మంది తమ తమ బట్టసంచులు పట్టుకొని నిలవడ్డరు. శంకరవ్వ వంతు వచ్చింది. ఐదు కిలోలు జోకి పోసిన్రు. ఆమె కొంగు నడుముకు చెక్కి, కాళ్లు ఎడంగ పెట్టి, పండ్లు బిగవట్టి, ఉన్న బలమంత చేర్చి ఎత్తింది. సంచి పుసుక్కున లేచి గదుమకు తగిలింది. ఆమె వెనుకకు తూలి పోయి వరుసల నిలవడ్డ పర్శరాములు మీద పడ్డది. ఇద్దరూ కలిసి బల్ల మీద పడ్డరు. సుగ్రా బేగం గల్లాపెట్టె మీదికి వంగి మరీ నవ్వింది. శంకరవ్వ కూసున్న కాడనే సంచిని రెండుపార్లు ఎత్తి దించి చూసింది. నవ్వుకుంట నవ్వుకుంట కండ్లు తుడుచుకున్నది. ఆ సంతోషంల, ఇంట్ల సబ్బు లేదన్నది యాదికొచ్చి, ఒక సబ్బుబిళ్ల కూడా కొన్నది.

కుడి చేతిల బియ్యం, ఎడమ చేతిల సబ్బు పట్టుకొని పోయింది. కరెంటు స్తంభం కాడ ఆగలే, రైలుగేటు కాడ ఆగలే. జర ఎడమకు ఒరిగి నడిచింది, గంతే.

ఇంటికి పోంగనే అంతయ్య మంచం మీది నుంచి చేయి చాపిండు. ఆమె వద్దంటున్నా వినలే. సంచి అందుకొని, నెమ్మదిగ లేచి నిలవడి, తన ఇంటి బియ్యాన్ని తన చేత్తోని గూట్లె పెట్టిండు. పెట్టి, దాని మీద చెయ్యి అట్లనే ఉంచిండు. తర్వాత ఆమె ఎడమ చేతి దిక్కు చూసి, అది కూడా ఇయ్యి అన్నడు.

"ఇది నీతోని కాదు," అని శంకరవ్వ సబ్బుబిళ్లను రెండు చేతులతోని పట్టుకొని, జాగ్రత్తగ గోడ వారకు దించింది.